మైలుకు 1280 చుట్లు: పాత ఎంజీబీకి ఎలక్ట్రానిక్ స్పీడోమీటర్ పెట్టిన లెక్క

మెకానిక్ షెడ్డులో ముందు చక్రం పైకి లేపి పెట్టిన స్కూటర్ కనిపిస్తే చిన్నప్పుడు మాకు ఒకటే సరదా. ఎవరూ చూడకుండా ఆ చక్రాన్ని చేత్తో గిర్రున తిప్పి, మీటర్లో ముల్లు ఎంతవరకు లేస్తుందో చూసేవాళ్లం. బండి అంగుళం కదిలేది కాదు, ముల్లు మాత్రం 20 చూపించేది. పోయిన చలికాలం ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో మా పక్కింటి పెద్దాయన కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నప్పుడు అది గుర్తొచ్చింది. స్పీడోమీటర్‌కు వేగం సంగతి తెలియదు. అది చుట్లు లెక్కపెడుతుంది, అంతే. ఒక మైలుకు ఎన్ని చుట్లో ఎవరో ముందే తేల్చి, దాన్నిబట్టి డయల్ మీద అంకెలు అచ్చు వేశారు. మధ్యలో ఆ లెక్క మారితే మీటరుకు తెలిసే దారి లేదు. ఎప్పటిలాగే ధీమాగా తప్పు చెబుతుంది.

పెద్దాయన కారు 1971 నాటి ఎంజీబీ. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో తయారైన స్పోర్ట్స్ కారు ఇది. దీని తోబుట్టువులతో కలిపి 5 లక్షలకు పైగా తయారయ్యాయి. మనకు పరాయి కారులా కనిపిస్తుంది గానీ బానెట్ ఎత్తితే చుట్టరికం బయటపడుతుంది. మన అంబాసిడర్‌ను ఏళ్ల తరబడి లాగిన 1489 సీసీ పెట్రోల్ ఇంజను, ఇందులోని 1798 సీసీ ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) చేసిన ఒకే బి-సిరీస్ కుటుంబంలోవి. అంబాసిడర్ మీద చెయ్యి తిరిగిన మేస్త్రీని ఈ కారు ముందు నిలబెడితే పది నిమిషాల్లో సొంత బండిలా చూసుకుంటాడు.

ఈ కారుకు మొదట వచ్చేది నాలుగు గేర్ల బాక్స్. మోటార్‌వే మీద ఇంజను అరుపు తగ్గాలని చాలామంది దాని స్థానంలో ఐదు గేర్ల బాక్స్ వేయించుకుంటారు. ఫోర్డ్ సియెర్రా కార్లలో వచ్చిన బాక్సును ఇందులో అమర్చడం ఇక్కడ బాగా అలవాటైన పని. మా పెద్దాయనా ఐదు గేర్ల బాక్స్ వేయించారు. కారు హాయిగా నడుస్తోంది. కానీ పక్కన కూర్చున్న మనవడి ఫోన్ 32 మైళ్లు అంటుంటే మీటరు 25 అంటోంది. పరిమితి 30 ఉన్న రోడ్డు మీద, ముందు కెమెరా ఉన్నచోట, ఈ తేడా చిన్నది కాదు. "మీటరు ముసలిదైపోయింది, ఎలక్ట్రానిక్‌ది పెట్టేద్దాం, నీకు ఆ వైర్ల పని వచ్చు కదా" అన్నారు. పెట్టడం కష్టమేమీ కాదనుకుని దిగాను. మూడు వారాంతాలు పట్టింది.

కేబుల్ మీటర్ లోపల జరిగేది

కొత్తది పెట్టే ముందు పాతది ఏం చేస్తోందో తెలియాలి. గేర్‌బాక్స్ నుంచి చక్రాలకు శక్తి వెళ్లే షాఫ్ట్ మీద ఒక పురి గేరు ఉంటుంది. అది ఒక చిన్న పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. దాని చివర చదరపు రంధ్రంలో స్పీడో కేబుల్ కూర్చుంటుంది. ఉక్కు తీగలను పొరలు పొరలుగా చుట్టి చేసిన ఈ కేబుల్ తన తొడుగులో తిరుగుతూ డాష్‌బోర్డు దాకా వెళ్లి మీటరు వెనక ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది.

ఆ అయస్కాంతానికి ముల్లు తగిలి ఉండదు, అసలు చమత్కారం ఇదే. అయస్కాంతం పక్కనే, దాన్ని తాకకుండా, ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. ముల్లు బిగించి ఉండేది ఆ గిన్నెకు. అల్యూమినియం మామూలుగా అయస్కాంతానికి అంటుకోదు. కానీ అయస్కాంతం తిరుగుతుంటే గిన్నెలో చిన్న చిన్న విద్యుత్ సుళ్లు పుడతాయి, వాటి వల్ల గిన్నె కూడా అటే తిరగాలని చూస్తుంది. వెంట్రుకంత సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఈ రెండిటి గుంజులాట ఎక్కడ సరితూగితే ముల్లు అక్కడ ఆగుతుంది. జర్మన్ ఇంజనీరు ఒట్టో షూల్జే 1902లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. మన స్కూటర్లు, అంబాసిడర్లు, ఈ ఎంజీబీ అన్నీ దాని మీదే నడిచాయి.

కిలోమీటర్లో మైళ్లో లెక్కపెట్టే అంకెల చక్రాల సంగతి వేరు. వాటికి అయస్కాంతంతో పనిలేదు. కేబుల్ నుంచి నేరుగా పళ్ల చక్రాల ద్వారా తిరుగుతాయి. అంటే ఒకే డబ్బాలో రెండు వేర్వేరు యంత్రాలు ఉన్నాయి. అంకెల చక్రాలు సరిగ్గా తిరుగుతూ ముల్లు తప్పు చెబుతుంటే జబ్బు మీటరు తలలో ఉంది. అయస్కాంతం బలం తగ్గి ఉండొచ్చు, స్ప్రింగు సడలి ఉండొచ్చు, గేర్‌బాక్స్ ఆయిల్ కేబుల్ వెంట పైకి పాకి గిన్నెను జిడ్డు చేసి ఉండొచ్చు. రెండూ ఒకే నిష్పత్తిలో తప్పితే మీటరును తిట్టి లాభం లేదు, లెక్క కిందే తప్పింది. ముల్లు వణుకుతుంటే మాత్రం నూటికి తొంభై పాళ్లు కేబుల్ ఎండిపోవడమో, ఎక్కడో మెలిక పడటమో. అలాంటప్పుడు లోపలి కేబుల్ లాగి, తుడిచి, కింది భాగానికి పల్చగా గ్రీజు రాసి, మీటరు దగ్గరి కొసను పొడిగా వదిలేస్తే చాలు. ఇంత చిన్న పనికి బద్ధకించి మీటరే మార్చేసినవాళ్లను చూశాను.

ఎంజీబీకి మీటర్లు చేసిన స్మిత్స్ కంపెనీ మనకో మేలు చేసింది. డయల్ అడుగున, కోడ్ నంబరు పక్కన, చాలా చిన్న అంకెల్లో మైలుకు ఎన్ని కేబుల్ చుట్లో అచ్చు వేసింది. సంవత్సరాన్ని, గేర్‌బాక్స్‌ను బట్టి ఎంజీబీల్లో ఇది 1040, 1280, 1000 ఇలా మారుతుంది. గంటకు 60 మైళ్ల వేగమంటే నిమిషానికి ఒక మైలు కదా, కాబట్టి ఆ వేగంలో కేబుల్ నిమిషానికి సరిగ్గా అన్ని చుట్లే తిరుగుతుంది. గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా సులువు లేదు.

చిక్కు ఏంటంటే ఈ మీటర్లన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి, డాష్‌బోర్డు రంధ్రంలో చక్కగా పడతాయి. పాత సామాను దుకాణంలో మెరుస్తున్న 1000 మీటరు కొనుక్కొచ్చి 1280 బాక్సున్న కారుకు తగిలిస్తే, 50లో వెళ్తుంటే 64 చూపిస్తుంది. డ్రైవరు భయపడి నెమ్మదిగా పోతాడు, నష్టం లేదు. తిరగేసి పెడితే 50కి 39 చూపిస్తుంది. జేబుకు చిల్లు పడేది అప్పుడు.

చక్రం ఆరు చుట్లు, కేబుల్ ఏడు

పెద్దాయన మీటరు మీద 1280 అని ఉంది. కొత్త గేర్‌బాక్స్ ఎన్ని చుట్లు ఇస్తోందో తేల్చడానికి పరికరాలేమీ అక్కర్లేదు. ఒక అట్టముక్క, సుద్దముక్క, తోయడానికి ఇంకో మనిషి ఉంటే చాలు.

మీటరు వెనక కేబుల్ విప్పాం. లోపలి కేబుల్ కొసకు అట్టతో చిన్న బాణం గుర్తు చేసి టేపు అంటించాం. వెనక టైరు మీద, దాని కింద నేల మీద సుద్దతో గీత గీశాం. గేరు న్యూట్రల్‌లో పెట్టి, పెద్దాయన లోపల కూర్చుని బాణం చూస్తుంటే నేను కారును ముందుకు తోశాను. వెనక చక్రం సరిగ్గా ఆరు చుట్లు తిరిగేసరికి బాణం ఏడు చుట్లు తిరిగింది. తర్వాత చక్రం మధ్య నుంచి నేల దాకా కొలిస్తే 11¾ అంగుళాలు. కారు బరువు టైరు మీద ఉండగానే కొలవాలి, జాకీ మీద ఎత్తి కాదు.

పాత మీటర్లు బాగుచేసేవాళ్లు వాడే సూత్రం ఒకటుంది: 1680ని కేబుల్ చుట్లతో గుణించి, ఆ అంగుళాలతో భాగించాలి. ఈ 1680 ఎక్కడిదని నాకూ అనుమానం వచ్చింది. మైలుకు 63,360 అంగుళాలు. చక్రం ఆరు చుట్లకు పోయే దూరం వ్యాసార్ధానికి సుమారు 37.7 రెట్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే 1680. మాకు 1680 × 7 ÷ 11.75, అంటే సుమారు 1001 వచ్చింది. 1280 కావాల్సిన చోట 1001 చుట్లే అందుతున్నాయి. 25 చూపిస్తుంటే నిజం 32. ఫోన్ చెప్పిందీ అదే.

ఒక జాగ్రత్త. తోయడానికి ఓపిక లేక ఒక చక్రాన్నే జాకీ మీద ఎత్తి తిప్పితే లెక్క సగానికి పడిపోతుంది. రెండో చక్రం నేల మీద ఆగి ఉంటే, రెండు వెనక చక్రాలకూ శక్తిని పంచే గేర్ల డబ్బా (డిఫరెన్షియల్) వల్ల పైకెత్తిన చక్రం రెండు చుట్లు తిరిగితే గానీ షాఫ్ట్ లెక్కలో ఒక చుట్టు కాదు. అప్పుడు ఆరుకు బదులు పన్నెండు తిప్పాలి.

అంటే మీటరు ముసలిది కాలేదు, దానికి అందే చుట్లే తగ్గిపోయాయి. ఇది తేలాక నిజానికి ఎలక్ట్రానిక్ అక్కర్లేదు కూడా. కేబుల్ మధ్యలో నిష్పత్తి సరిచేసే చిన్న గేరు డబ్బా పెట్టొచ్చు. లేదా మీటర్లు బాగుచేసే చోటికి పంపి 1000కి సరిచేయించొచ్చు, అప్పుడు ముల్లుతో పాటు అంకెల చక్రాల గేర్లు కూడా మార్చాలి. కారు మొత్తం పాతదిగానే ఉంటే నేను ఈ దారే చెబుతాను. కానీ ఈ బాక్సులో కేబుల్ బయటికొచ్చే చోటు కారు బాడీకి ఆనుకుని ఉంది. కేబుల్‌ను గట్టిగా వంచితే గానీ పైకి రావడం లేదు. అలా వంచినది ఏడాది తిరక్కుండా తెగడం ఖాయం. అందుకే కేబుల్ మానేద్దామని నిర్ణయించుకున్నాం.

చుట్లను ఎక్కడ పట్టుకోవాలి

ఎలక్ట్రానిక్ స్పీడోమీటర్ అనగానే అందరి కళ్లూ డయల్ మీదికి పోతాయి. తిప్పలన్నీ ఉండేది సెన్సర్ దగ్గర. మూడు దారులున్నాయి.

మొదటిది ఉపగ్రహాల దారి. జీపీఎస్ మీటరుకు చక్రాలతో, టైర్లతో, గేర్లతో సంబంధమే లేదు. ఆకాశం కనిపించే చోట యాంటెన్నా పెట్టి, కరెంటు ఇస్తే చాలు, లెక్కలు వేసుకునే పనే ఉండదు. నిలకడగా వెళ్తున్నప్పుడు చాలా ఖచ్చితంగా చెబుతుంది. బ్రేకు వేసినప్పుడు, వేగం పెంచినప్పుడు ముల్లు ఒక క్షణం వెనకబడుతుంది. బర్మింగ్‌హామ్ నడిబొడ్డున ఏ38 సొరంగాల్లోకి దిగితే ఏం చేయాలో దానికి తోచదు. కారు తీసిన వెంటనే ఉపగ్రహాలు దొరికేదాకా పడుకునే ఉంటుంది. పైగా స్పోర్ట్స్ కారులో ముల్లు మనం తొక్కిన క్షణమే లేవాలి. సరి చూసుకోవడానికి జీపీఎస్ మంచిది, మీటరుగా నాకు నచ్చదు.

రెండోది గేర్‌బాక్స్‌లో కేబుల్ కూర్చునే చోటే బిగించే పల్స్ సెన్సర్. ఒక చుట్టుకు ఇన్ని పల్సులని, అంటే చిన్న కరెంటు తట్టులని, ఇస్తుంది. శుభ్రమైన పని. మాకు ఆ చోటులోనే ఇబ్బంది కాబట్టి కుదర్లేదు.

మూడోది గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు శక్తి మోసే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్. దానికి అయస్కాంతాలు అతికించి, పక్కన హాల్ సెన్సర్ పెడితే, అయస్కాంతం ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ ఒక పల్సు వస్తుంది. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రం మీద పనిచేసే సెన్సర్ ఇది. దీనికి మూడు వైర్లు ఉంటాయి: కరెంటు, ఎర్త్, సంకేతం. రెండే వైర్లుండే తీగచుట్ట సెన్సర్లు కూడా దొరుకుతాయి. అవి తమ కరెంటు తామే పుట్టించుకుంటాయి గానీ నెమ్మదిగా వెళ్తున్నప్పుడు సంకేతం మరీ బలహీనమైపోయి ముల్లు సున్నాకు పడిపోతుంది. హాల్ సెన్సర్‌కు ఆ బాధ లేదు.

షాఫ్ట్ మీద ఎక్కడ? షాఫ్ట్ మధ్యలో పెట్టకూడదు, గతుకుల్లో అది పైకీ కిందికీ ఊగుతుంది, అయస్కాంతానికీ సెన్సర్‌కూ మధ్య ఉండాల్సిన కొన్ని మిల్లీమీటర్ల సందు నిలవదు. ముందు కొసన, ఈ కొత్త బాక్సులో, షాఫ్ట్ కొద్దిగా లోపలికీ బయటికీ జరుగుతుంది. వెనక డిఫరెన్షియల్ దగ్గర షాఫ్ట్ కొసను కలుపుతూ నాలుగు బోల్టులతో బిగించిన గుండ్రటి అంచు (ఫ్లాంజి) ఉంది. సెన్సర్ పట్టీని డిఫరెన్షియల్ డబ్బాకే బిగిస్తే రెండూ కలిసే ఊగుతాయి, సందు మారదు. వైరుకు మాత్రం ఊగడానికి సరిపడా వదులు ఉంచాలి.

నాలుగు బోల్టుల పక్కన నాలుగు అయస్కాంతాలు, సమానమైన ఎడంలో. ఒకటే పెడితే ఏం అంటారేమో. ఈ కారు వెనక యాక్సిల్ నిష్పత్తి 3.909, అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే షాఫ్ట్ 3.909 చుట్లు తిరుగుతుంది. మా టైరు లెక్కన చక్రం మైలుకు 858 చుట్లు, షాఫ్ట్ దాదాపు 3,355 చుట్లు. ఒక్క అయస్కాంతమైతే గంటకు 5 మైళ్ల వేగంలో సెకనుకు ఐదు పల్సులు కూడా రావు. ట్రాఫిక్‌లో ముల్లు మెట్లెక్కినట్టు ఎగురుతుంది. నాలుగైతే సెకనుకు 18 పైచిలుకు వస్తాయి, నున్నగా కదులుతుంది. సమానమైన ఎడం ఎందుకంటే, 60 మైళ్ల వేగంలో షాఫ్ట్ నిమిషానికి 3,355 చుట్లు తిరుగుతుంటే, మధ్య నుంచి 4 సెంటీమీటర్ల దూరంలో అతికించిన 5 గ్రాముల అయస్కాంతం రెండున్నర కిలోల బరువుతో బయటికి లాగుతుంది. ఒకవైపే ఉంటే షాఫ్ట్ అదురుతుంది. ఒట్టి బంకను నమ్మకుండా పైన ఉక్కు పట్టీ చుట్టింది కూడా అందుకే. ఇంకో మాట, మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలెడతాయి. సైలెన్సర్ గొట్టానికి దూరంగా ఉంచాలి.

అన్నీ బిగించి మొదటిసారి రోడ్డెక్కితే మీటరు సరిగ్గా సగం వేగం చూపించింది. 40కి 20. లెక్క తప్పిందేమోనని మళ్లీ మళ్లీ గుణించుకున్నాను. గంటసేపు తల పట్టుకున్నాక వెలిగింది. మేం తెచ్చిన సెన్సర్ అయస్కాంతం దక్షిణ ధ్రువాన్నే గుర్తుపడుతుంది. నాలుగింటిలో రెండు తిరగేసి అతికించాను. మా అమ్మాయి జామెట్రీ బాక్సులోని బొమ్మ దిక్సూచి పట్టుకుని మళ్లీ కారు కిందికి దూరాను. దిక్సూచి ఉత్తరం కొస ఏ ముఖానికి లాగితే అది దక్షిణ ధ్రువం. ముందే చూసుకుని స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టుకుని ఉంటే ఐదు నిమిషాల పని.

పాత కారు కరెంటు

ఇక్కడ కొంచెం ఆగాలి. మీ దగ్గర ఉన్నది 1967కు ముందు ఎంజీబీ అయితే దాని బాడీ బ్యాటరీ పాజిటివ్‌కు కలిపి ఉంటుంది. ఇప్పుడు మనం చూసే కార్లన్నిటిలో బాడీకి నెగటివ్ ఉంటుంది. ఆ ఏడాది చివర్లో వచ్చిన మార్పులతో ఎంజీబీ కూడా నెగటివ్‌కు మారి, డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ వచ్చింది. జాగ్వార్ ఈ-టైప్‌లో 3.8 లీటర్ల కార్లు పాజిటివ్ ఎర్త్, 4.2 లీటర్లవి నెగటివ్. ఎలక్ట్రానిక్ మీటరు డబ్బా నెగటివ్ ఎర్త్ అనుకునే తయారవుతుంది. దాని ఇనుప వలయం డాష్‌బోర్డుకు తగిలిన క్షణమే పాజిటివ్ ఎర్త్ కారులో షార్ట్ అవుతుంది.

కారునే నెగటివ్‌కు మార్చొచ్చు, పెద్ద పనేం కాదు. బ్యాటరీ తీగలు తారుమారు చేసి, డైనమోకు కొత్త ధ్రువం పట్టించి, ఇగ్నిషన్ కాయిల్ వైర్లు మార్చాలి. ఇంజను చుట్లు చూపే మీటరు ఎలక్ట్రానిక్ రకమైతే దాని లోపల కూడా మార్పు చేయాలి. ఇది మర్చిపోయి దాన్ని కాల్చుకునేవాళ్లే ఎక్కువ. మార్చడం ఇష్టం లేకపోతే లోపలికొచ్చే కరెంటుకూ బయటికెళ్లే కరెంటుకూ నేరుగా కలిసే దారి లేని చిన్న కన్వర్టర్ పెట్టి, మీటరును బాడీకి తగలకుండా రబ్బరుతో బిగించాలి.

పెద్దాయన కారు 1971ది కాబట్టి ఆ బెడద లేదు. ఇంకోటి ఎదురైంది. తాళం ఒక మెట్టు తిప్పితే, ఇంజను ఇంకా స్టార్ట్ చేయకుండానే, ముల్లు లేచి పడుతోంది. కారు కదలడం లేదు. ముల్లు లేచినప్పుడల్లా వెనక నుంచి టిక్ మని చప్పుడు. ఆ చప్పుడు పెట్రోల్ పంపుది. ఈ కార్లలో పంపు వెనక, బ్యాటరీల పక్కన ఉంటుంది, లోపల ప్లాటినం పాయింట్లలాంటివి తెరుచుకుంటూ మూసుకుంటూ పనిచేస్తుంది. పాయింట్లు విడిపడిన ప్రతిసారీ దాని తీగచుట్ట నుంచి పదునైన వోల్టేజి దెబ్బ పుడుతుంది. నేనేమో సెన్సర్ వైరును నీటుగా ఉంటుందని ఆ పంపు వైరుకే టేపు చుట్టి ముందుకు తెచ్చాను. పక్క వైరులో దెబ్బ పడితే ఇందులో దొంగ పల్సు. ముల్లు పంపు లెక్కపెడుతోంది.

వైరును కారు రెండోవైపు నుంచి తెచ్చి, పైన లోహపు తీగల అల్లిక తొడుగున్న రకం వాడి, ఆ తొడుగును మీటరు దగ్గర ఒక్క కొసనే ఎర్త్ చేశాం. రెండు కొసలా ఎర్త్ చేస్తే బాడీలో తిరిగే కరెంటు ఆ తొడుగులోంచి కూడా దారి చూసుకుని మళ్లీ మొదటికొస్తుంది. ఇగ్నిషన్ కాయిల్, ప్లగ్ వైర్ల పక్కన కూడా ఈ వైరు పోకూడదు. ప్లగ్ వైర్లు ఒట్టి రాగివైతే రెసిస్టెన్స్ ఉన్నవి వేసుకోవడం మేలు.

మీటరుకు కరెంటు తీసుకునేటప్పుడు ఆ కాలపు బ్రిటిష్ కార్ల రంగుల భాష కాస్త తెలిస్తే చాలు. ఆకుపచ్చ వైరు తాళం తిప్పాక, ఫ్యూజు దాటి వచ్చేది. తెల్లది కూడా తాళం తిప్పాకే వస్తుంది, కానీ ఫ్యూజు ఉండదు. ఎరుపు మీద తెల్ల గీత ఉన్నది డాష్‌బోర్డు దీపాలది. నలుపు ఎర్త్. మనకు కావాల్సింది ఆకుపచ్చ. పెట్రోల్, వేడి మీటర్లకు వెళ్లే వైరు దగ్గరగా ఉంది కదా అని దాన్నుంచి మాత్రం తీయొద్దు. డాష్‌బోర్డు వెనక ఉండే స్టెబిలైజర్ 10 వోల్టులు ఇస్తుందని పేరే గానీ, లోపల వేడికి వంగే రేకు కరెంటును ఆపుతూ వదులుతూ సగటున 10 తెస్తుంది. నెమ్మదిగా కదిలే ఆ ముళ్లకు తేడా తెలియదు. ఎలక్ట్రానిక్ మీటరు లోపల లెక్కలు వేసే చిప్పు (మైక్రోకంట్రోలర్) మాత్రం ప్రతిసారీ పడి లేస్తుంది.

పాత ముఖం, కొత్త లోపల

మీటరు ముఖం మార్చనని పెద్దాయన మొదటే తేల్చి చెప్పారు. నాకూ అదే ఇష్టం. 1971 డాష్‌బోర్డులో నీలం వెలుతురు అంకెలు పెడితే పట్టుచీర మీద స్పోర్ట్స్ షూ వేసినట్టే.

పాత మీటరునే మీటర్లు బాగుచేసే ఒకరికి పంపాం. ఆయన అయస్కాంతం, గిన్నె, స్ప్రింగు తీసేసి, అదే డయల్ వెనక, అదే ముల్లుకు చిన్న చిన్న మెట్లుగా తిరిగే స్టెప్పర్ మోటార్ బిగించారు. ఇలాంటి మోటార్లు దాదాపు 315 డిగ్రీలు తిరగగలవు, అందుకే పాత డయల్‌కు సులువుగా సరిపోతాయి. కరెంటు ఇవ్వగానే ముల్లు ఒకసారి వెనక్కి వెళ్లి అడ్డుపుల్లకు తగిలి, అదే సున్నా అని నేర్చుకుంటుంది. అంకెల చక్రాలకు వేరే చిన్న మోటారు. అవి విప్పే ముందు ఉన్న అంకెను ఫోటో తీసి, తేదీ వేసి, కారు కాగితాల్లో పెట్టమని చెప్పాను. రేపు కారు అమ్మేటప్పుడు కొనేవాడికి చూపించాల్సిన కాగితం అది.

లోపల ఏమీ తీయడం ఇష్టం లేనివాళ్లకు ఇంకో ఉపాయం ఉంది. సెన్సర్ పల్సులు తీసుకుని, లోపల మోటారుతో మూరెడు కేబుల్‌ను తిప్పే పెట్టెలు దొరుకుతాయి. ఆ కేబుల్‌ను చెక్కుచెదరని పాత మీటరుకు తగిలిస్తే చాలు. ఎలక్ట్రానిక్స్ వచ్చి చివరికి కేబుల్ తిప్పడమేంటని నవ్వు రావొచ్చు, కానీ అరుదైన కారుకు ఇదే మర్యాదైన దారి. ఎప్పుడైనా విప్పేస్తే కారు మళ్లీ పాతదే.

మైలుకు 13,419

షాఫ్ట్ 3,355 చుట్లను నాలుగుతో గుణిస్తే 13,420. భిన్నాలు వదలకుండా లెక్కేస్తే 13,419 వస్తుంది. ఆ అంకె మీటరు వెనక ఉన్న రెండు బటన్లతో ఎక్కించి మోటార్‌వే మీదికి వెళ్లాం. ఇక్కడ మోటార్‌వే పక్కన ప్రతి 100 మీటర్లకు ఒక చిన్న గుర్తు కర్ర పాతి ఉంటుంది. ముల్లును సరిగ్గా 60 మీద పట్టుకుని పెద్దాయన నడుపుతుంటే, నేను ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి పది కర్రలు, అంటే కిలోమీటరు, లెక్కపెట్టాను. 60 మైళ్ల వేగంలో కిలోమీటరుకు 37.3 సెకన్లు పట్టాలి. మాకు మూడుసార్లు చూసినా 37.9 దగ్గర వచ్చింది. అంటే నిజం 59, ముల్లు 60.

ఈ ఒకటిన్నర శాతం ఎక్కడిదంటే టైరు దగ్గరే. నిలబడి ఉన్నప్పుడు కొలిచిన 11¾ అంగుళాలు, ఇద్దరు కూర్చుని పరుగెడుతున్నప్పటి లెక్క ఒకటి కాదు. గాలి కాస్త తగ్గినా, టైరు అరిగినా మైలుకు చుట్లు పెరుగుతాయి. కొత్త టైరు 8 మిల్లీమీటర్ల గాడి నుంచి చట్టం ఒప్పుకునే 1.6కి అరిగితే దాదాపు 2 శాతం వరకు తేడా రావొచ్చు. సైజు మారిస్తే ఇంకా ఎక్కువ. 165/80 ఆర్14 స్థానంలో అందంగా ఉంటాయని 185/65 ఆర్14 వేస్తే టైరు 3.8 శాతం చిన్నదవుతుంది. 60లో వెళ్తుంటే 62 దాటి చూపిస్తుంది. కాబట్టి టైర్లు మార్చిన ప్రతిసారీ ఈ అంకె మళ్లీ చూసుకోవాల్సిందే. కేబుల్ రోజుల్లో అయితే దానికి మీటరు విప్పాలి, ఇప్పుడు బటన్ నొక్కితే సరిపోతుంది. నా దృష్టిలో ఎలక్ట్రానిక్‌కు ఉన్న అసలు లాభం ఇదొక్కటే.

అంకెను 1.6 శాతం పెంచితే సరిపోయేది. పెంచలేదు. కొత్త కార్లకు వర్తించే ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం మీటరు నిజం కన్నా ఎప్పుడూ తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపొచ్చు, నిజ వేగంలో పదో వంతుకు ఇంకో 4 కిలోమీటర్లు కలిపినంత వరకు. నిజంగా 100లో వెళ్తుంటే 114 దాకా చూపినా తప్పు కాదు. అందుకే కంపెనీలు ముల్లును కావాలనే కాస్త పైకి జరిపి ఉంచుతాయి. మీ కారు మీటరు, ఫోన్ మ్యాప్ ఎప్పుడూ కలవకపోవడానికి కారణం ఇదే, ఏదీ చెడిపోలేదు. ఎలాగూ టైర్లు అరిగేకొద్దీ మాది ఇంకొంచెం పైకే చూపిస్తుంది. అది భద్రమైన వైపు తప్పు.

నెల తర్వాత పెద్దాయన గోడ అవతల నుంచి పిలిచారు. మీటరు బాగుందట, కానీ ఒక లోటుందట. ముల్లు మరీ గీత గీసినట్టు నిలబడుతోందట, కారు ఆగిపోయిందేమో అనిపిస్తోందట. పాత కేబుల్ ముల్లు ఎప్పుడూ చిన్నగా ఊపిరి తీసుకుంటున్నట్టు కదిలేది కదా. పల్సుల్లో చిన్న తేడాలు ముల్లు మీదికి రాకుండా సగటు తీసే సెట్టింగ్ ఒకటుంది, నేనే దాన్ని 8 మీద పెట్టాను. స్క్రూడ్రైవర్ తీసుకెళ్లి, మీటరు బయటికి లాగి, వెనక బటన్ నొక్కి 3కి తగ్గించాను.